ఐదో ముక్క తర్వాత

పోకరులో ఐదో ముక్క తెరుచుకున్నాక ఇక రావలసింది ఏమీ ఉండదు. అప్పటిదాకా ఆశకు చోటుంది. ఆటగాడి చేతిలో రెండు ముక్కలు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తర్వాత ఒకటి, చివరికి మరొకటి. ప్రతి మలుపులోనూ పందెం. చేయి బాగాలేకపోయినా వచ్చే ముక్క బాగుచేస్తుందేమోనని అనుకోవచ్చు. ఆడేవాళ్ళు రివర్ అని పిలిచే ఆ ఐదో ముక్క పడ్డాక గెలుపోటములు తేలిపోయినట్టే. తేలిన సంగతి మనకు తెలియదు, అంతే. సరిగ్గా ఆ క్షణంలో ఎదుటి మనిషి మధ్యలో ఉన్నదానికి రెండింతలు ముందుకు తోసి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

పందెం ఇంకా పెంచడం పక్కన పెడితే, అప్పుడు మనకు మిగిలేవి రెండు దారులు. అంతకు అంత కట్టి ముక్కలు చూపించమనడం, లేదా మన ముక్కలు బోర్లా పడేసి తప్పుకోవడం. చేయి గొప్పదైతే ఆలోచనే అక్కర్లేదు. బొత్తిగా చెత్తదైతే అసలే అక్కర్లేదు. ఇబ్బందంతా మధ్యరకం చేతితోనే. అతని దగ్గర నిజంగా సరుకుంటే అది ఓడిపోతుంది, అతను బ్లఫ్ చేస్తుంటే గెలుస్తుంది. మన ముక్కల బలం ఇక్కడ ఎందుకూ కొరగాదు. అవతలి మనిషి చెబుతున్నది నిజమా అబద్ధమా అన్నదొక్కటే మిగులుతుంది.

ఈ ఒక్క క్షణం గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. పేకాటను పొగడడానికి కాదు. తెలియని సంగతి మీద నిర్ణయం ఎలా తీసుకోవాలో ఇంత చిన్న చోట, ఇంత తేటగా చూపించే సందర్భం నాకు మరొకటి తారసపడలేదు.

తడలో మా ఆట చింతపిక్కలతో. ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు హైవే, దక్షిణాన కాస్త దూరం పోతే తమిళనాడు. ఇన్నాళ్ళూ నెల్లూరు జిల్లా అని చెప్పుకున్న మేం 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా వాళ్ళమయ్యాం. పెద్దవాళ్ళకు రమ్మీ, మూడు ముక్కలాట చిన్నప్పటి నుంచీ తెలుసు. సూళ్లూరుపేట లోకల్లో మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి ముక్కలు పంచుకునేవాళ్ళను చూడనివాళ్ళు ఇక్కడ ఉండరు. పోకరును మాత్రం శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు పట్టుకొచ్చారు. మూడు ముక్కలాటలో ‘షో’ అడగడానికి ఎప్పుడైనా తటపటాయించినవాడికి పోకరు చివరి పందెం కొత్తగా అనిపించదు. ఆదివారం మధ్యాహ్నం తలా రెండు వందల గింజలు పంచుకుంటాం. ఆట అయ్యాక అన్నీ మళ్ళీ డబ్బాలోకే.

ఒక చేయి చెబుతాను. నా దగ్గర ఆఠీను రాజు, కళావరు పది. బల్ల మీద ముందు ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది, డైమను నాలుగు పడ్డాయి. నాకు రాజుల జత వచ్చింది. నేను పందెం వేశాను. నాకు వరసకు పెదనాన్న అయ్యే పెద్దాయన ఒక్కరే నిలబడ్డారు. నాలుగోది కళావరు రెండు. మళ్ళీ వేశాను, మళ్ళీ కట్టారు. ఐదోది ఆఠీను జాకీ. మధ్యలో యాభై గింజలు పోగయ్యాయి. నేను పందెం వేయకుండా బల్ల మీద తట్టి ఊరుకున్నాను. పెదనాన్న గింజలను పదేసి కుప్పలుగా పేర్చి, పది కుప్పలనూ అరచేత్తో ఒక్కసారే ముందుకు నెట్టారు. వంద.

“చూస్తావా, పోతావా నాయనా? టీ చల్లారిపోతుండాది” అన్నారు.

అప్పుడు మనసులో మొదట లేచే ప్రశ్న “ఉందా, లేదా?” అన్నది. ముఖం వైపు చూస్తాం. చేయి వణికిందా, గొంతు మారిందా, టీ గ్లాసు మామూలుగానే ఎత్తారా అని వెతుకుతాం. నూటికి తొంభై మంది అక్కడే ఆగిపోతారు. ఆ ప్రశ్నకు జవాబు రాదు. రానప్పుడు మనసు తనకు ఇష్టమైన జవాబు తానే రాసుకుంటుంది. గెలవాలని ఉన్నవాడికి బ్లఫ్ కనిపిస్తుంది, భయపడుతున్నవాడికి బలమైన చేయి కనిపిస్తుంది. ముఖంలో చదివామనుకున్నది చాలాసార్లు మన ముఖమే.

అడగవలసిన ప్రశ్న వేరు. నేనిప్పుడు వంద కడితే గెలిచేది ఎంత? మధ్యలో ఉన్న యాభై, ఆయన తోసిన వంద, మొత్తం నూట యాభై. నూట యాభై కోసం వంద. ఇలాంటి సందర్భం ఐదుసార్లు వచ్చిందనుకుందాం. మూడుసార్లు ఓడితే మూడు వందలు పోతాయి, రెండుసార్లు గెలిస్తే మూడు వందలు వస్తాయి. అంటే ఐదింట రెండుసార్లు ఆయన బ్లఫ్ చేస్తుంటే నాకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అంతకన్నా ఎక్కువైతే కట్టాలి, తక్కువైతే తప్పుకోవాలి. ఈ చేతిలో ఆయన దగ్గర ఏముందో నాకు తెలియనక్కర్లేదు. ఇలాంటి చేతుల్లో ఐదింట రెండు అబద్ధాలు ఉంటాయా అన్నది తెలిస్తే చాలు.

పందెం చిన్నదయ్యేకొద్దీ ఈ వెల తగ్గుతుంది. మధ్యలో ఉన్నదానిలో సగం వేస్తే నాలుగింట ఒకసారి గెలిచినా సరిపోతుంది. ఉన్నంత వేస్తే మూడింట ఒకసారి. రెండింతలు వేస్తే ఐదింట రెండుసార్లు. మరి పదింతలు వేస్తే? వందింతలు? ఎంత పెంచుకుంటూ పోయినా వెల సగానికి దగ్గరవుతుంది తప్ప సగాన్ని దాటదు. ఈ సంగతి లెక్కగట్టి చూసుకున్న రోజున నాకు గొప్ప ధైర్యం వచ్చింది. ఎదుటివాడు ఎంత పెద్ద కుప్ప తోసినా నన్ను సగంకన్నా ఎక్కువసార్లు ఒప్పు కమ్మని అడగలేడు. పెద్ద పందెం మన గుండెను అదిమినంతగా లెక్కను అదమలేదు.

మధ్యలో ఉన్న యాభైలో నేను వేసిన గింజలూ ఉన్నాయి. వాటిని చూసి “ఇంత వేశాక ఇప్పుడు వదిలేయడమా” అని చెయ్యి లాగుతుంది. బల్ల మధ్యకు వెళ్ళిన గింజ నాది కాదు. అది గెలిచినవాడిది. నిన్న ఎవరు వేశారో ఈ రోజు లెక్కలోకి రాదు. పిల్లల చదువు, పొలం మీద పెట్టుబడి, ఏళ్ళ తరబడి సాగుతున్న కోర్టు వ్యాజ్యం, వీటిలో మనుషులు కూరుకుపోయేది ఈ ఒక్క మాట వంటబట్టకే. ఇప్పటిదాకా పోసినది కట్టడానికి కారణం కాదు. ఇకమీద పోయబోయేదీ, ఇకమీద రాబోయేదీ, ఈ రెండే కారణాలు.

పెదనాన్న జీవితమంతా భీమునివారిపాళెం రేవులో రొయ్యలూ పీతలూ కొని చెన్నైకి పంపినవారు. సరస్సు నుంచి వచ్చిన రొయ్యలను పట్ట మీద కుప్పగా పోస్తారు. పైన కనిపించేవి కనిపిస్తాయి. కింద ఎంత నలుసు ఉందో, ఎంత పెద్ద రొయ్య ఉందో కుప్ప తిరగేస్తే తప్ప తెలియదు. తిరగేయనివ్వరు. నిలబడిన చోటునుంచే పాట పాడాలి. కింద ఏముందో ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. “కిందేముండాదో నాకెట్టా తెలుస్తాది? తెలియకపోయినా కొనచ్చు నాయనా. ఎంత దాకా పాడచ్చో తెలిస్తే చాలు. ఈ కుప్పలో పోయింది రేపటి కుప్పలో వస్తాది, రేటు తప్పకపోతే” అన్నారు. పోకరు పుస్తకాలు ఎన్నో పేజీల్లో చెప్పేదంతా ఆ నాలుగు మాటల్లో ఉంది.

ఇక ఆ వెలకు తగ్గ సరుకు ఉందో లేదో చూడాలి. దానికి ముఖం కన్నా ముక్కలు ఎక్కువ చెబుతాయి. నా రాజును ఓడించి, రెండింతల పందేనికి తగినంత బలం ఉన్న చేతుల్లో ముఖ్యమైనవేమిటి? రాజు, జాకీ ఉంటే ఆయనకు రెండు జతలు. నాలుగు రాజుల్లో ఒకటి బల్ల మీద, ఒకటి నా చేతిలో. మిగిలినవి రెండు. జాకీలు మూడు మిగిలాయి. రెండు మూళ్ళు ఆరు రకాలు. చేతిలో రెండు ఎనిమిదులుంటే మూడు రకాలు, రెండు నాలుగులైతే మూడు, రెండు రెళ్ళైతే మూడు. మొత్తం పదిహేను. ఇవి నిజాలు.

అబద్ధాలు ఎక్కడి నుంచి వస్తాయి? మొదటి మూడు ముక్కల్లో రెండు ఇస్పేట్లు పడ్డాయి. చేతిలో రెండు ఇస్పేట్లు పట్టుకుని, ఐదు ఇస్పేట్లతో ఏర్పడే ఫ్లష్ కోసం ఇంకొక్కదానికి కాచుకుని, అది రాక మిగిలిపోయిన చేతుల్లోంచి వస్తాయి. నా దగ్గర ఇస్పేటు లేదు కాబట్టి పదకొండు ఇస్పేట్లు బయటే ఉన్నాయి. వాటిలో రెండేసి ఏరితే యాభై ఐదు రకాలు. నా చేతిలో ఒక్క ఇస్పేటు ఉన్నా అది నలభై ఐదుకు దిగేది. అవతలివాడు అబద్ధం ఆడడానికి కావలసిన ముక్క నా చేతిలో ఉంటే అతను అబద్ధం ఆడే అవకాశం ఆ మేరకు తగ్గుతుంది. యాభై ఐదింటితోనూ పెదనాన్న ఆడరు. ఆసు ఉన్నవి, పక్కపక్క అంకెలవి, కలిపి ఇరవై దాకా అనుకోవచ్చు. పదిహేను నిజాలకు పది అబద్ధాలు ఉంటే ఐదింట రెండు అయినట్టు. కాబట్టి “ఉందా, లేదా” అన్న ప్రశ్న ఇప్పుడు ఇలా మారింది: దెబ్బతిన్న ఇరవై చేతుల్లో సగంతోనైనా ఈయన వంద గింజలు తోస్తారా?

ఇది జవాబు చెప్పగలిగిన ప్రశ్న. ప్రశ్నను ఇంతదాకా తీసుకురావడంలోనే నేర్పంతా ఉంది.

ఈ నేర్పు విలువ మన భారతం ఎప్పుడో చెప్పింది. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడన్న పేరుతో అయోధ్యలో సారథిగా ఉన్న నలుడు ఋతుపర్ణ మహారాజును విదర్భకు తీసుకువెళ్తుంటాడు. దారిలో తానిచెట్టును చూపించి, దాని ఆకులూ కాయలూ ఇన్ని అని రాజు ఉన్నచోటునుంచే చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. వేళ మించిపోతున్నా రథం ఆపి, దిగి లెక్కపెడతాడు. లెక్క సరిపోతుంది. నలుడు తన గుర్రాల విద్యను, అశ్వహృదయాన్ని, ఇస్తానని చెప్పి ఆ విద్యను, అక్షహృదయాన్ని, నేర్చుకుంటాడు. అది వంటబట్టిన మరుక్షణం అంతకాలం అతన్ని పట్టి పీడించిన కలి శరీరం విడిచి బయటికి వస్తాడు. పాచికల విద్యా, చెట్టును చూసి కాయల సంఖ్య అంచనా కట్టే విద్యా ఒకటేనని ఆ కథ చెప్పినవారికి తెలుసు. ఏ మంత్రానికీ పోని కలి లెక్క తెలియగానే పోయాడన్నది నాకు ఆ కథలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

ఆ కథను అడవిలో బృహదశ్వుడు చెప్పింది ఎవరికి? ధర్మరాజుకు. జూదానికి పిలిస్తే కాదనలేని నియమం ఆయనది. కట్టడం, పోగొట్టుకోవడం, పోయినదాని కోసం మరింత కట్టడం. సంపద, రాజ్యం, తమ్ముళ్ళు, తాను, చివరికి ద్రౌపది. ఆయన సభలో ఒక్కసారైనా ముక్కలు బోర్లా పడేసి లేచి ఉంటే భారతమే ఉండేది కాదు. కథ అంతా విన్నాక ఆయనా అక్షహృదయం నేర్చుకుంటాడు. అది నేర్చినవాడు గనకే విరాటుడి కొలువులో కంకుభట్టుగా పాచికలాడి బతకగలిగాడు. హస్తినాపురంలో ఆడిన మనిషి, విరాటనగరంలో ఆడిన మనిషి ఒకరే. మధ్యలో వచ్చింది లెక్క.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పనిని గణితజ్ఞులు అందుకున్నారు. జాన్ ఫాన్ నోయ్‌మన్ 1928లో ఇద్దరి మధ్య ఆటలకు సిద్ధాంతం కట్టాడు. 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వేసిన గ్రంథంలో పోకరుకే ఒక పెద్ద భాగం ఇచ్చాడు. అందులో తేలినదేమిటంటే, బ్లఫ్ చేయడం దుర్గుణమో సాహసమో కాదు, సరైన ఆటలో విడదీయరాని భాగం. అది కూడా మధ్యరకం చేతులతో కాదు, అన్నిటికన్నా పనికిరాని చేతులతో చేయాలి. ఎన్నడూ అబద్ధం ఆడనివాడి నిజానికి ఎవరూ వెల కట్టరు. 1949లో రిచర్డ్ బెల్‌మన్, డేవిడ్ బ్లాక్‌వెల్ బ్లఫింగ్ ఉన్న ఆటల మీదనే ఒక పత్రం ప్రచురించారు. ఆ బ్లాక్‌వెల్ పేరు తెలుగువారికి మరో పేరు పక్కన పరిచయం. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంలోని రావు మన కల్యంపూడి రాధాకృష్ణ రావు. మా రైలు దారిలోనే ఉన్న గూడూరులో కొంతకాలం చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చేసి, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్న మనిషి. ఆ సిద్ధాంతాన్ని సామాన్యుడి మాటల్లో చెప్పాలంటే, చేతికందిన వివరాల్లో అక్కరకొచ్చేదాన్నంతా వాడుకుని అంచనాను సరిదిద్దుకుంటే అది మెరుగవుతుంది, లేదా ఉన్నట్టే ఉంటుంది, చెడిపోదు. చేతిలో ఇస్పేటు లేదన్న చిన్న వివరం కూడా వదలకూడదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు.

2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రేటస్ అనే ప్రోగ్రాం నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళతో ఇరవై రోజులపాటు లక్షా ఇరవై వేల చేతులు ఆడి గెలిచింది. చివరి ముక్క మీద మధ్యలో ఉన్నదానికి ఎన్నో రెట్లు తోయడానికి అది వెనకాడేది కాదు. దాని ముందు కూర్చున్నవాళ్ళ నెత్తిన ప్రతిసారీ ఇదే ప్రశ్న: కట్టాలా, వదలాలా?

అలాంటి యంత్రం ముందు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు వింతగా ఉంటుంది. తప్పులేకుండా ఆడేవాడు తన నిజాలనూ అబద్ధాలనూ సరిగ్గా వెలకు తగ్గ పాళ్ళలోనే కలుపుతాడు. రెండింతల పందెమైతే మూడు నిజాలకు రెండు అబద్ధాలు. అప్పుడు నా మధ్యరకం చేతితో కట్టినా, వదిలినా, దీర్ఘకాలంలో నాకు ఒకటే. గంటసేపు తల పట్టుకున్నా, నాణెం ఎగరేసినా ఫలితం మారదు. మనం అన్నిటికన్నా ఎక్కువ నలిగిపోయే నిర్ణయాలు చాలావరకు ఇలాంటివే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. రెండు పక్కలా బరువు సమానంగా ఉండడం వల్లే అంత నలుగుతాం. అంత సమానంగా ఉంటే ఏదైనా ఒకటే కదా అన్న మాట మాత్రం ఆ వేళకు తట్టదు.

ఎదుటివాడు మనిషైనప్పుడే నిర్ణయానికి విలువ వస్తుంది. మనుషులు ఆ పాళ్ళలో కలపరు. కొందరు అతిగా అబద్ధమాడతారు, కొందరు అసలే ఆడరు. వినేవాళ్ళలోనూ రెండు రకాలు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. పోకరులో మొండివాడంటే ఎంత వేసినా కట్టి చూసేవాడు. వాడిని బ్లఫ్ చేయడం ఎవరి తరమూ కాదు. వాడి గింజలు అయిపోయేదీ ముందే. రెండో రకం ప్రతి పెద్ద పందేనికీ తప్పుకునేవాడు. వాడు పెద్దగా ఓడినట్టు ఎప్పుడూ కనిపించడు. రోజూ కాస్త కాస్తగా అరిగిపోతాడు. ఒకడికి మోసపోవడమంటే అవమానం, మరొకడికి పొరబడి పట్టుబడడమంటే అవమానం. ఇద్దరూ గింజలు లెక్కపెట్టడం మాని పరువు లెక్కపెడుతున్నారు. “వీడు నన్ను వెర్రివాణ్ణి చేస్తాడా” అన్న రోషంతో కట్టిన ప్రతి పందెమూ ఎదుటివాడి ముక్కలకు కాక మన అహానికి చెల్లించిన వెల. పెద్ద పందేలు వేసేవాళ్ళ రాబడిలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుంది.

ఈ ఆట చరిత్రలో రెండు చేతులను తరచుగా చెప్పుకుంటారు. మొదటిది స్టూ అంగర్‌ది. 1990 ప్రపంచ ఛాంపియన్ మన్సూర్ మత్లూబీతో ముఖాముఖి ఆడుతుండగా బల్ల మీద రెండు మూళ్ళు, ఏడు, రాజు, రాణి ఉన్నాయి. మత్లూబీ తన దగ్గరున్న ముప్ఫై రెండు వేల డాలర్లూ తోసేశాడు. అంగర్ చేతిలో పది, తొమ్మిది. సొంతంగా ఒక్క జత కూడా లేదు. అవతలివాడి దగ్గర నాలుగు–ఐదో, ఐదు–ఆరో ఉండాలని తేల్చుకుని ఆ పదితోనే కట్టాడు. మత్లూబీ దగ్గర నాలుగు, ఐదు ఉన్నాయి. రెండోది 2003 ప్రపంచ పోటీ చివరి బల్ల. సామీ ఫర్హాకు తొమ్మిదుల జత ఉంది. ఆన్‌లైన్ పోటీ గెలిచి అంతదాకా వచ్చిన టెనెసీ అకౌంటెంటు క్రిస్ మనీమేకర్‌కు కావలసిన ఇస్పేటూ రాలేదు, వరసా రాలేదు. అయినా ఉన్నదంతా తోశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి, ఫ్లష్ తప్పిందేమోనని పైకే అని, చివరికి వదిలేశాడు. మనీమేకర్ ఆ పోటీ గెలిచి ఇరవై ఐదు లక్షల డాలర్లు అందుకున్నాడు. ప్రపంచమంతటా పోకరు గాలి వీచింది ఆ తర్వాతే.

అంగర్‌ను మేధావి అనీ, ఫర్హాను భయపడ్డాడనీ చెప్పుకోవడం సులువు. ఫర్హా ఆటను టీవీలో చూసిన లక్షలమందికి ఆ ఇద్దరి ముక్కలూ కనబడుతున్నాయి. ఫర్హాకు కనబడినవి రెండే. ఫలితం తెలిసినవాడి కంటికి ఏ నిర్ణయమైనా చదివేసిన పరీక్షపేపరే. ఊళ్ళో ఎవరి పెళ్ళిసంబంధం చెడినా, ఎవరి వ్యాపారం మునిగినా “ముందే తెలియలేదా” అనేవాళ్ళు ఉంటారు. ముందు తెలిసినవి రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలతో అతను ఎలా ఆలోచించాడన్నదాన్ని బట్టే మనిషిని తూచాలి. ఇది ఎదుటివాళ్ళ పట్ల చూపవలసిన న్యాయం. మన పట్ల మనం చూపుకోవలసినదీ ఇదే.

ఇంత చెప్పాక డబ్బు సంగతి చెప్పకుండా ఉండలేను. 1967లో సుప్రీంకోర్టు ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ’ కేసులో రమ్మీలో నేర్పుదే పైచేయి అని తేల్చింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలి కనుక అది మూడు ముక్కలాట లాంటిది కాదంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు నుంచి వచ్చిన ఆ తీర్పు మీదే దేశంలో పేకాట వాదాలు చాలావరకు నిలబడ్డాయి. పోకరు విషయంలో గుజరాత్ హైకోర్టు 2017లో ఇది జూదమేనంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2021లో మద్రాసు హైకోర్టు తమిళనాడు నిషేధాన్ని కొట్టేశాక, తడలో తెరుచుకోని యాప్ ఆరంబాక్కం దాటితే తెరుచుకునే రోజులు వచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్ననే పక్కన పెట్టి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా మూసేసింది.

పోకరులో నేర్పు ఉందన్న వాదం నిజమే. ఇంతసేపూ నేను చెప్పింది ఆ నేర్పే. అయినా ఆ వాదం చాలదు. నేర్పు బయటపడాలంటే వేల చేతులు ఆడాలి. నెల జీతం అన్ని చేతులు తట్టుకోదు. ఐదింట రెండు అన్న వెల కూడా ఒక షరతు మీదే నిలుస్తుంది: పోయిన గింజ బరువూ వచ్చిన గింజ బరువూ సమానం కావాలి. పోయేది పిల్లల ఫీజైతే, ఇంటి అద్దెయితే, అప్పు ఇచ్చే యాప్ నుంచి తెచ్చినదైతే, పోయిన వంద వచ్చిన నూట యాభై కన్నా బరువెక్కుతుంది. డేనియల్ బెర్నౌలీ 1738లోనే ఈ సంగతి రాశాడు. అలాంటి డబ్బు పెట్టుకుని కూర్చున్నవాడికి సరైన నిర్ణయం ఐదో ముక్క దగ్గర దొరకదు. వాడు బల్ల దగ్గరకు రాకపోవడమే సరైన నిర్ణయం. శకుని పాచికలతో ఆడినవాడికి అక్షహృదయం వచ్చినా ఉపయోగం ఉండేది కాదు. ఏ ఆటలో కూర్చోవాలన్నదే అన్నిటికన్నా మొదటి పందెం. మా డబ్బాలో చింతపిక్కలు ఉన్నది అందుకే. నేర్పంతా దక్కుతుంది, ఇల్లు భద్రంగా ఉంటుంది.

పెదనాన్న తోసిన వంద గురించి చెప్పాలి. ఆయన ఇస్పేట్ల కోసం కట్టే మనిషే. అవి రాకపోతే నవ్వి ముక్కలు పడేసే మనిషి కూడా. రేవులో మాట మీద బేరాలు చేసినవారు. సరుకు లేకుండా పాట పెంచగా నేనెప్పుడూ చూడలేదు. ఇరవై చేతుల్లో సగంతో ఆయన ఇంత పెద్ద అబద్ధం ఆడరు. నాలుగైదింటితో ఆడితే ఎక్కువ. వెల ఐదింట రెండు. దొరుకుతున్నది నాలుగింట ఒకటి కూడా కాదేమో. నేను ముక్కలు బోర్లా పెట్టాను.

పక్కనున్న కుర్రాడు ఆగలేక “ఏముండింది పెద్దాయనా?” అని అడిగాడు. “కట్టినోడికే చూపించేది” అంటూ ఆయన ముక్కలను పేకలో కలిపేశారు. అది బల్ల దగ్గరి న్యాయం. తప్పుకున్నవాడికి నిజం తెలుసుకునే హక్కు లేదు. ఆ నిజం వెల వంద గింజలు, అది ఎక్కువని నేనే అనుకున్నాను. అంత పెట్టి కొననని చెప్పాక ఊరికే కావాలనడం భావ్యం కాదు. తెలియకుండా ఉండిపోవడం మొదట్లో కొరుకుతుంది. ఆలోచన సరిగా జరిగిందని తెలిస్తే ఆ కొరుకుడు తగ్గిపోతుంది. జీవితంలో వదిలేసిన దారుల చివర ఏముందో ఎవరూ వచ్చి చూపించరు. చూపించకపోయినా అవి సరైన కారణంతో వదిలినవే అయి ఉండవచ్చు.

ఆటకు కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఎవరైనా పెద్ద కుప్ప ముందుకు తోస్తే వాళ్ళ ముఖం వైపు చూడకండి. ముందు మధ్యలో ఉన్నదీ, తోసినదీ, మీరు కట్టవలసినదీ కూడండి. ఎన్నింట ఎన్నిసార్లు గెలిస్తే చాలో ఆ అంకెను మనసులో స్పష్టంగా అనుకోండి. ఆ తర్వాత నిజాలెన్నో అబద్ధాలెన్నో ఏరండి. అప్పుడు తల ఎత్తి మనిషిని చూడండి. ఆ వరస తప్పకపోతే కట్టినా, వదిలినా, చివరికి ఓడినా, నిర్ణయం మీదే అవుతుంది. దాన్ని మీ నుంచి ఏ ముక్కా లాక్కోలేదు.